అడవికి అది కోతల కాలం

శ్రీనగర్‌లో దాల్ సరస్సు ఒడ్డు వెంబడి సాగే రోడ్డు నిషాత్, షాలిమార్ తోటలు దాటి హార్వన్ చేరుతుంది. ఊరు అక్కడితో సరి. ఆ పైన దాచిగాం జాతీయ పార్కు. నగరం నడిబొడ్డు నుంచి లెక్కేసినా 22 కిలోమీటర్లే. సెప్టెంబరు చివరి రోజుల నుంచి అక్టోబరు పొడుగునా ఈ లోయలో తెల్లవారుజామున ఒక అరుపు లేస్తుంది. గొంతు అడుగు నుంచి పుట్టి, కొండవాలంతా పరుచుకుని, ఆఖర్న గరగరమంటూ తెగిపోతుంది. కాసేపటికి ఎదుటి వాలు మీంచి మరో గొంతు జవాబిస్తుంది. తెలియనివాళ్లు విని అది జింక గొంతు అంటే నమ్మరు. కశ్మీరీలు హంగుల్ అని పిలుచుకునే ఎర్రజింక అది. చెప్పుకోదగ్గ సంఖ్యలో అది మిగిలింది ఈ ఒక్క అడవిలోనే.

దసరా సెలవులకు కశ్మీరు వెళ్లే తెలుగువాళ్లు ఇప్పుడు తక్కువేమీ కాదు. గుల్‌మార్గ్, పహల్గాం, హౌస్‌బోటు, కుంకుమపువ్వు కొనుగోలు, ఇంటిముఖం. అదే వారంలో, అదే నగరం అంచున, భారత ఉపఖండంలో మరెక్కడా వినలేని గొంతు ఒకటి వినిపిస్తోందని వాళ్లలో చాలామందికి ఎవరూ చెప్పరు. చెప్పాలన్నదే మా కోరిక. దాంతోపాటు ఎలా చూడాలో కూడా చెప్పాలి. ఎందుకంటే ఈ జంతువు విషయంలో ‘చూడటం’ అంత తేలిక వ్యవహారం కాదు.

మగ హంగుల్ భుజం దగ్గరే నాలుగడుగుల ఎత్తుంటుంది. ఒక్కో కొమ్ముకు అయిదు, ఆరు కొనలు. ఆ కొమ్ములు ఏటా మార్చి, ఏప్రిల్ నెలల్లో రాలిపోయి మళ్లీ మొలుస్తాయి. వేసవంతా వాటిని నెత్తురు పారే మెత్తని నూగు చర్మం కప్పి ఉంచుతుంది. పాలిచ్చే జంతువుల్లో ఇంత వేగంగా పెరిగే ఎముక ఇంకొకటి లేదు. శరత్తు వచ్చేసరికి ఆ చర్మం ఎండి ఊడటం మొదలవుతుంది. పోతులు చెట్ల కాండాలకూ పొదలకూ కొమ్ములు రుద్ది దాన్ని వదిలించుకుంటాయి. దాచిగాంలో దారి పక్క చిన్న చెట్టు బెరడు నడుమెత్తులో చీరుకుపోయి, లోపలి చెక్క తడితడిగా కనిపించిందంటే పోతు ఇటుగా వెళ్లిందని గుర్తు. మధ్య ఆసియాలోని బుఖారా, యార్కండ్ జింకలు దీనికి దగ్గరి చుట్టాలు. హిమాలయాలకు ఇవతల ఆ వంశానికి మిగిలిన ఏకైక చిరునామా కశ్మీరు లోయ.

ఈ అరుపులకు ముహూర్తం పెట్టేది పగటి పొద్దు. ఆగస్టు దాటాక రోజు రోజుకూ కురచనయ్యే పగలు మగజింక ఒంట్లో హార్మోన్లను మేల్కొలుపుతుంది. మెడ లావెక్కుతుంది, మెడ చుట్టూ జూలు పెరుగుతుంది, వేసవిలో తోటి మగవాటితో కలిసి మేసిన జంతువు ఒంటరిదై కయ్యానికి కాలు దువ్వుతుంది. ఇదంతా ఇప్పుడే ఎందుకు జరగాలి? జవాబు ఎనిమిది నెలల అవతల ఉంది. అక్టోబరులో చూలు కట్టిన ఆడ హంగుల్ మే, జూన్ నెలల్లో ఈనుతుంది. అప్పటికి మంచు కరిగి లేతగడ్డి మొలిచి ఉంటుంది. తల్లికి పాలు పడతాయి, పిల్లకు తొలి చలికాలం లోపల నాలుగైదు నెలల వ్యవధి దొరుకుతుంది. ఒక నెల ఆలస్యమైతే ఆ పిల్ల మంచులో మిగలడం కష్టం. కాబట్టి అక్టోబరు అరుపు వచ్చే ఏటి జూన్ గడ్డి కోసమే.

ఎర్రజింకల అరుపు మీద స్కాట్లండ్‌లోని రమ్ దీవిలో దశాబ్దాలుగా పరిశోధన సాగుతోంది. టిమ్ క్లటన్-బ్రాక్, స్టీవ్ ఆల్బన్ అనే శాస్త్రవేత్తలు 1979లో ప్రచురించిన వ్యాసం ఆ రంగంలో ప్రసిద్ధం. పోతులు ముందు గొంతుతో పోటీపడతాయి. నిమిషానికి ఎన్నిసార్లు అరవగలదన్నది దాని బలాన్ని ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది. ఒంట్లో సత్తువ లేనిది ఆ వేగాన్ని నిలబెట్టలేదు. అవతలిది తనకంటే గట్టిదని అరుపులోనే తెలిసిపోతే చాలా తగవులు కొమ్ములదాకా రాకుండానే ముగుస్తాయి. అంతటితో ఆగలేదు. కేరన్ మెకోంబ్ 1987లో ఇంకో సంగతి చూపించారు. మగజింక అరుపు వింటూ ఉన్న ఆడజింకలు మిగతావాటికంటే ముందుగా ఎదకు వస్తాయట. అంటే ఆ గొంతు ఆడజింక శరీరంలోని కాలాన్ని సైతం కదుపుతుంది. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. రికార్డు చేసిన అరుపును మొబైల్లో వినిపించి జంతువును దగ్గరికి రప్పించే సరదా అడవి యాత్రల్లో మొదలైంది. అది ఎంతమాత్రం అమాయకమైన ఆట కాదు. లేని పోటీదారును సృష్టించి పోతును నిష్కారణంగా పరుగెత్తించడం అది.

ఆ పరుగు ఖరీదు తక్కువ కాదు. ఎదకాలంలో ఎర్రజింక పోతు మేత దాదాపు మానేస్తుంది. రోజంతా అరవడం, మందను కాయడం, తరమడం, బురదగుంటల్లో పొర్లడం, మళ్లీ అరవడం. కొన్ని వారాల్లో తన బరువులో అయిదో వంతు దాకా పోగొట్టుకునేవీ ఉంటాయి. ఆ అలసటతోనే అది నవంబరులోకి అడుగుపెడుతుంది. ఆ వెనుకే మంచు. పోగొట్టుకున్న కండను తిరిగి కూడబెట్టుకోవడానికి దానికి మిగిలేది ఎండిన గడ్డీ, రాలిన కాయలూ, కొద్ది రోజులూ.

ఇక ఎలుగు. కశ్మీరీలో దాని పేరు హాపుత్. ఛాతీ మీద తెల్లని నెలవంక గుర్తుతో ఉండే హిమాలయ నల్ల ఎలుగును చూడటానికి దాచిగాంను మించిన చోట్లు మన దేశంలో బహు తక్కువ. మన నల్లమల ఎలుగుబంటికి చలినిద్ర అవసరం లేదు. చెదలూ చీమలూ తేనే పండ్లూ ఏదో ఒకటి ఏడాది పొడుగునా దొరుకుతాయి. కశ్మీరు ఎలుగుకు ఆ వెసులుబాటు లేదు. డిసెంబరులో కొండ మంచుకింద పడితే తిండి ఉండదు. అందుకని శరత్తులో మేలుకుని ఉన్న సమయంలో అధికభాగం అది తింటూనే గడుపుతుంది. అక్రోట్లు, అడవి చెస్ట్‌నట్ కాయలు, ఓక్ కాయలు. దిగువ దాచిగాంలోని ఓక్ చెట్లు ఆ నేలవి కావు, ఒకప్పుడు తెచ్చి నాటినవి. ఎలుగులకు ఆ తేడా పట్టలేదు. వాడి గోళ్లతో కాండం ఎక్కి, చేతికందిన కొమ్మలను తనవైపు వంచి, విరిచి, కాయలు తిని, విరిగిన కొమ్మలను కింద వేసుకుని వాటిమీదే కూర్చుంటుంది. ఆకులు రాలాక చెట్టు పైన అలాంటి కొమ్మల కుప్పలు బయటపడతాయి. నేల మీద పెంట చూసినా తెలుస్తుంది. అందులో అక్రోటు పెంకుల ముక్కలు ఉంటాయి.

ఎలుగు ఇంత తినడం వెనుక తన ప్రాణం ఒక్కటే కాదు, ఇంకొకటీ ఉంది. వేసవిలో జతకట్టిన చలిదేశపు ఎలుగుల్లో పిండం వెంటనే గర్భసంచికి అంటుకోదు. కొన్ని నెలల పాటు ఎదగకుండా నిలిచి ఉంటుంది. శరత్తు చివర్లోగానీ ఎదుగుదల మొదలుకాదు. తల్లి ఒంట్లో చాలినంత కొవ్వు చేరకపోతే ఆ గర్భం నిలవకపోవచ్చు. నిలిస్తే నడి చలికాలంలో, మంచు కప్పిన గుహలో, తల్లి ఏమీ తినకుండానే పిల్లలను ఈని, వాటికి పాలు ఇస్తుంది. ఆ పాలన్నీ అక్టోబరులో తిన్న కాయల నుంచి వచ్చినవే. కాబట్టి ఓక్ చెట్టెక్కి ఉన్న ఆడ ఎలుగును మన కేరింతలతో కిందికి దింపితే ఎవరి నోటి దగ్గరి కూడు తీసినట్టో లెక్క వేసుకోవచ్చు.

ఎగువ దాచిగాంలో, చెట్లు ఆగిపోయి పచ్చిక మొదలయ్యే ఎత్తుల్లో, పొడవుతోక మార్మోట్లు ఈసరికి బొరియల్లోకి దిగి నిద్రకు సిద్ధమవుతాయి. నట్‌క్రాకర్ పిట్ట పైన్ గింజలను ఏరి దాచుకుంటుంది. కశ్మీరు లంగూర్లు దిగువ చెట్లలో గుంపుగా మేస్తుంటాయి. అవి ఉన్నట్టుండి తీవ్రంగా అరిచి ఒకేవైపు చూశాయంటే చిరుతపులి ఉండవచ్చు. అక్టోబరు లోయలో కొన్ని పక్షులు లేకపోవడం కూడా గమనించాల్సిందే. కశ్మీరీలు పోష్‌నూల్ అనే పసుపుపచ్చ పిట్ట, మన పల్లెల్లో వంగపండు అనేది, వేసవిలో అక్కడి చినార్లలో గూడు కట్టి ఈపాటికే దక్షిణానికి బయలుదేరి ఉంటుంది. పొడవాటి రిబ్బన్ తోక ఊపుకుంటూ తిరిగే తోకపిగిలి పిట్టదీ అదే దారి. కశ్మీరు పేరే పెట్టుకున్న ఓ చిన్న ఫ్లైక్యాచర్ పిట్ట నీలగిరులకూ శ్రీలంక కొండలకూ వెళ్లి చలికాలం గడుపుతుంది. మన మామిడితోటల్లో, చింతతోపుల్లో అక్టోబరు, నవంబరుల్లో వంగపండు గొంతు ఎక్కువగా వినిపిస్తే ఆ ఉత్తరాది కొండల్లో ఆకు రాలుతోందని అర్థం.

మనుషులూ అదే పనిలో ఉంటారు. కశ్మీరీలు హరుద్ అనే ఈ శరత్తులో అక్రోట్లు దులుపుతారు, యాపిల్ పెట్టెలు లారీలకెక్కుతాయి, పాంపోర్ పొలాల్లో కుంకుమపువ్వు పూస్తుంది, రాలిన చినార్ ఆకులను పోగుచేసి కాంగ్డీ అనే చలికుంపటిలోకి బొగ్గు చేసుకుంటారు. ఎండబెట్టిన సొరకాయ ముక్కలూ వంకాయ ముక్కలూ గోడలకు దండలుగా వేలాడతాయి. చలికి ముందు ప్రతి ప్రాణికీ ఒకటే తొందర. తంటా వచ్చేదీ అక్కడే. ఎలుగుకు కొండ మీది కాయా, రైతు తోటలోని యాపిలూ ఒకటే. లోయలో వరిపొలాలు పండ్లతోటలుగా మారుతున్నకొద్దీ అడవి అంచు నుంచే దానికి వడ్డించిన విస్తరి కనిపిస్తోంది. ఎలుగు దాడుల్లో ముఖాలు ఛిద్రమైన వాళ్లు, ప్రాణాలు పోగొట్టుకున్న వాళ్లు కశ్మీరు పల్లెల్లో ఉన్నారు. వారి దుఃఖాన్ని పక్కనపెట్టి ఎలుగు అందం గురించి మాట్లాడటం మాకు సమ్మతం కాదు. దూరం నుంచి వచ్చి బైనాక్యులర్‌తో చూసి వెళ్లే మనకు అది వినోదం. తెల్లారితే తోటకు నీళ్లు పెట్టాల్సిన మనిషికి అది భయం. రెండూ నిజమే.

శరత్తులో కొండ అడవికి వెళితే జంతువులు బాగా కనిపిస్తాయని పర్యాటక పుస్తకాలన్నీ చెబుతాయి. మాట నిజమే. హంగుల్ ఎగువ పచ్చికల నుంచి దిగువ లోయకు దిగివస్తుంది, గొంతెత్తి తన చోటు తానే చెబుతుంది, ఆకు పలచబడి చెట్ల మధ్య చూపు ఆనుతుంది, ఎలుగు పగలు సైతం తిండి వెతుక్కుంటుంది. అయితే అవి మనకు కనిపిస్తున్నది ఎందుకో ఆలోచించాలి. అవి తీరికగా ఉన్నందుకు కాదు, ఏడాది మొత్తంలో వాటికి ఒక్క క్షణం తీరిక లేని రోజులు ఇవే కనుక. కోతల రోజుల్లో రైతు ఇంటికి వెళ్లిన చుట్టం ఎలా మసలుకుంటాడో ఇక్కడా అలాగే మసలుకోవాలి. గట్టున కూర్చుంటాడు, అడ్డం రాడు, మర్యాదలు ఆశించడు, మబ్బు పట్టేలోపు కుప్ప పడాలని ఇంటివాళ్లతో పాటే తనూ కోరుకుంటాడు.

గట్టున కూర్చోవడమే అసలు విద్య. దాచిగాంకు వన్యప్రాణి విభాగం అనుమతి తీసుకుని వెళ్లాలి. గేటు నుంచి దగ్‌వన్ వాగు వెంబడి ద్రఫామా వైపు సాగే దారిలో ఎండ లోయలోకి దిగకముందే నడవడం మొదలుపెడితే మేలు. ముందుగా పని చెప్పాల్సింది చెవులకు. అరుపు ఏ వాలు నుంచి వచ్చిందో చూసుకుని, రెండోసారి వచ్చేదాకా ఆగి, ఆ తర్వాతే బైనాక్యులర్ ఎత్తాలి. జింక కదలకుండా నిలబడితే ఎండిన గడ్డిలో దాని ఒంటి రంగు కలిసిపోతుంది. కొమ్ముల కొనలో, చెవి విదిలింపో చూపుకు దొరుకుతుంది. గాలి మన మీంచి దాని వైపు వీస్తుంటే ఎంత నిశ్శబ్దంగా ఉన్నా లాభం లేదు. వాసన ముందే చేరిపోతుంది. బురదగుంట కనిపిస్తే దాని ఒడ్డున డెక్కల గుర్తులు చూడండి, దగ్గర్లో మాత్రం మాటు వేయకండి. అది పోతు రోజూ వచ్చిపోయే చోటు. ఒక పూటంతా కూర్చున్నా ఎదుటి వాలు మీద చుక్కంత జింకే కనిపించవచ్చు. అది తక్కువ దర్శనమని మేము అనుకోం. రెండు వాలుల మధ్య గొంతులు ఎలా బదులు చెప్పుకుంటున్నాయో, ఏది తగ్గిందో, ఏది ముందుకు వచ్చిందో వినగలిగిన మనిషికి నాటకం మొత్తం అందినట్టే.

ఎంత దూరం పాటించాలని తరచూ అడుగుతారు. గజాల లెక్క కంటే జంతువు తల చూడటం నయం. మేస్తున్నది తలెత్తి మన వైపే చూస్తూ నమలడం ఆపిందంటే మనం ఇప్పటికే ఎక్కువ దగ్గరయ్యాం. అరుస్తున్న పోతు మనల్ని చూసి అరుపు ఆపిందంటే ఆ క్షణంలో దాని పనిని చెడగొట్టాం. అప్పుడు వెనక్కి తగ్గాలి. ఎలుగు విషయంలో ఇది మర్యాద ఒక్కటే కాదు, ప్రాణరక్షణ కూడా. పొదల్లో దానికి ఎదురుపడకుండా ఉండాలంటే స్థానిక గార్డు మాట వినడం, అతని వెనుకే నడవడం తప్ప మార్గం లేదు. ఆ గార్డులు మంచుకాలంలోనూ ఈ లోయను కాస్తున్నవాళ్లు. వారి చూపుకు మన కెమెరా లెన్సులు చాలవు.

ఈ అడవి మిగిలిన కథ కూడా చెప్పుకోవాలి. దాచిగాం అంటే పది ఊళ్లు. మహారాజుల కాలంలో, 1910లో, ఈ ప్రాంతాన్ని రక్షిత వనంగా కట్టడి చేసినప్పుడు ఇక్కడున్న ఊళ్లను ఖాళీ చేయించారు. ముఖ్య కారణం జింకల మీద ప్రేమ కాదు, మంచినీళ్లు. ఎగువన మార్‌సర్ సరస్సు వైపు నుంచి దిగివచ్చే దగ్‌వన్ వాగు హార్వన్ జలాశయాన్ని నింపుతుంది, అక్కడి నుంచి శ్రీనగర్‌కు తాగునీరు వెళ్తుంది. నీటి కోసం కాపాడిన కొండ మీద హంగుల్ బతికింది. 1951లో అభయారణ్యం, 1981లో జాతీయ పార్కు అయింది. విస్తీర్ణం 141 చదరపు కిలోమీటర్లు. ఎత్తు సుమారు 1,600 మీటర్ల నుంచి 4,200 మీటర్ల దాకా. అంటే చలికాలపు లోయా వేసవి పచ్చికా ఒకే కంచె లోపల ఉన్నాయన్నమాట. జింకకు కావలసింది సరిగ్గా అదే. ఊళ్లు వదిలివెళ్లిన ఆ పది గ్రామాలవారి పేర్లు మాత్రం ఏ బోర్డు మీదా ఉండవు. ఉండాల్సింది.

హార్వన్ కొండవాలు మీదే ఒక పురాతన బౌద్ధ క్షేత్రం ఉంది. పదిహేను వందల ఏళ్లకు పైబడిన మట్టి పలకలు అక్కడి తవ్వకాల్లో బయటపడ్డాయి. వాటి మీది బొమ్మల్లో జింక ఉంది, గుర్రమెక్కిన వేటగాడూ ఉన్నాడు. 12వ శతాబ్దపు కల్హణుడు తన రాజతరంగిణిలో బోధిసత్వుడు నాగార్జునుడు షడర్హద్వనంలో నివసించాడని రాశాడు. ఆ వనం నేటి హార్వనేనని పండితులు గుర్తించారు. మన శ్రీపర్వతంతో ముడివేసి చెప్పుకునే పేరు హంగుల్ అడవి గుమ్మంలో వినిపించడం తెలుగు పాఠకుడికి ఆత్మీయంగా తోస్తుంది. ఆనాటి జింకల అరుపు ఆ విహారంలోని భిక్షువుల చెవిన పడే ఉంటుంది.

మన దగ్గర శరత్తు వేరే రూపంలో వస్తుంది. వానలు వెనక్కి తగ్గి, ఏరు తేటపడి, గట్ల మీద రెల్లు పూస్తుంది. వెన్నెల చిక్కబడుతుంది. నల్లమలలో ఆకు రాలదు సరికదా, ఏడాదిలో అడవి అత్యంత దట్టంగా ఉండేది అప్పుడే. వానాకాలంలో మూసిన అమ్రాబాద్ పులుల అభయారణ్యం సఫారీ అక్టోబరులో తెరిచేసరికి గడ్డి నిలువెత్తున ఉంటుంది. దుప్పి పది అడుగుల్లో ఉన్నా కనబడకపోవచ్చు. మన చుక్కల దుప్పి పోతు గొంతెత్తేది ప్రధానంగా ఎండాకాలంలో. ఇక్కడ ఆకు రాలి చూపు ఆనే రోజులు మాఘం, ఫాల్గుణం దాటాక, నీటి గుంటల దగ్గర. అక్కడి జంతువును బయటికి తెచ్చేది రానున్న చలి, ఇక్కడిదాన్ని తెచ్చేది దాహం. రెండు చోట్లా మన కళ్లపండుగకు ముడిసరుకు వాటి అవసరమే. వేసవిలో జంతువులకు నీళ్లు నింపే సాసర్‌పిట్ చుట్టూ జీపులు మూగించడం ఎంత తప్పో, అక్టోబరు దాచిగాంలో ఎదకొచ్చిన మంద దగ్గరికి నడిచివెళ్లడం అంతే తప్పు.

అంకెలు చూస్తే ఈ జాగ్రత్త అతి అనిపించదు. 20వ శతాబ్దం ఆరంభంలో హంగుల్ 3,000 నుంచి 5,000 దాకా ఉండేదని అంచనా. 1970 నాటికి 150 దగ్గరికి పడిపోయింది. 2004 లెక్కింపులో 197, 2008లో 127, 2023లో 289. పెరిగింది, సంతోషం. వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూలు రక్షణ ఉంది, వేట చాలావరకు అదుపులో ఉంది. కానీ 289 అంటే ఒక్క అంటురోగానికి, ఒక్క భయంకరమైన చలికి కుప్పకూలగల సంఖ్య. అందులోనూ ఆడవాటితో పోలిస్తే మగవి తక్కువ. బతికి బట్టకట్టే పిల్లలు ఇంకా తక్కువ. పిల్లలను చిరుతలు పట్టడం అడవి న్యాయం, ఊరకుక్కలు పట్టడం మన నిర్లక్ష్యం. ఒకప్పుడు త్రాల్ వైపూ సింధ్ లోయ వైపూ రాకపోకలు సాగించిన మంద ఇప్పుడు దాదాపుగా దాచిగాం లోపలే చిక్కుకుంది. ఖ్రూ, ఖొన్మోహ్ వైపు కొండల్లో సున్నపురాయి గనులూ సిమెంటు కర్మాగారాలూ వచ్చాక ఆ పాతదారులు ఇరుకైపోయాయి.

పర్యాటకుడి మర్యాద అవసరమే, అదొక్కటే చాలదు. అక్టోబరులో బలంగా అరిచే పోతు జులైలో కడుపునిండా మేసి ఉండాలి. ఆ మేత ఎగువ దాచిగాం పచ్చికల్లో ఉంది. వేసవిలో అక్కడికి గొర్రెలూ మేకలూ గేదెలూ మందలుగా ఎక్కుతాయి. కుక్కలు వెంట ఉంటాయి. హంగుల్ ఆ పచ్చికలను వదిలి దిగువనే ఉండిపోతోందని పరిశోధకులు ఎన్నో ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. పార్కు లోపలే ప్రభుత్వ గొర్రెల పెంపక కేంద్రం దశాబ్దాల పాటు నడిచిందంటే తప్పు మందలవాళ్ల ఒక్కరిదే కాదని తెలుస్తోంది. గుజ్జర్, బకర్వాల్ కుటుంబాలకు ఈ కొండలు తాతల నాటి బతుకుదారులు. వారిని దోషులుగా నిలబెట్టి తరిమేస్తే పదూళ్ల కథ మళ్లీ మొదటికొస్తుంది. వేరే చోట పచ్చిక చూపించి, పశువులకు వైద్యం, పిల్లలకు బడి వారి దారిలోనే అందేలా చేసి, వారి ఒప్పుకోలుతోనే మే నుంచి సెప్టెంబరు వరకు ఎగువ దాచిగాంను జింకకు వదలాలి. పార్కు అంచు ఊళ్లలో ఊరకుక్కలకు సంతాన నియంత్రణ చికిత్సలు ఏటా జరగాలి. ఎలుగు పాడుచేసిన తోటకు పరిహారం ఆ పంట డబ్బు అవసరమైన ఏడే చేతికందాలి. త్రాల్ వైపు దారిలో కొత్త గనులకు అనుమతి ఇవ్వకూడదు. ఇవి జరుగుతున్నాయో లేదో తేల్చుకోవడానికి పర్యాటకుల ఫొటోలు పనికిరావు. మార్చిలో సిబ్బంది మంచులో తిరిగి లెక్కించినప్పుడు మొత్తం ఎన్నన్న అంకెతో ఆగకుండా, వంద ఆడజింకల వెంట ఎన్ని పిల్లలున్నాయన్న అంకెను కూడా ఏటా ప్రజల ముందు పెట్టాలి.